తూము ఎత్తే మనిషి

మా ఊరి చెరువు తూము ఎత్తే హక్కు ఊళ్ళో ఒక్క మనిషికే ఉండేది. కరణానికి లేదు. మునసబుకు లేదు. ఆయకట్టులో అందరికన్నా ఎక్కువ మళ్ళున్న ఆసామికీ లేదు. నీరుగంటి ఎత్తితేనే నీళ్ళు కాలవలోకి దిగాలి, ఆయన దించితే ఆగాలి. కడప జిల్లా బద్వేలు తాలూకా పల్లెల్లో పెరిగిన నా ఈడు వాళ్ళకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. మా పిల్లలకు మాత్రం చెప్పాలి. గ్రామ పాలన అంటే వాళ్ళకు సచివాలయం, పింఛను, ధ్రువపత్రం గుర్తొస్తాయి. నాకు కంబళి కప్పుకుని, చేతిలో పార పట్టుకుని వేకువజామున కట్ట మీద నడిచే మనిషి గుర్తొస్తాడు.

ఆ రోజుల్లో ఊరి పనులు చూసేవాళ్ళందరూ ఊళ్ళోనే ఉండేవాళ్ళు. కరణం చేతిలో లెక్కలుండేవి. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పైరు పెట్టారో అడంగల్లో రాసేవాడు, ఎవరి పేరున ఎంత భూమి ఉందో 10(1)లో రాసేవాడు. ఏటా జమాబందికి ఆ కట్టలన్నీ మూటగట్టించి తాలూకా కచేరికి పోయేవాడు. మునసబు శిస్తు వసూలు చేసేవాడు, జనన మరణాలు రాసేవాడు, ఊళ్ళో కలరా తగిలితే పైకి కబురు పంపేవాడు. తలారి కాపలా కాసేవాడు. వెట్టి దండోరా వేసేవాడు, అధికారి ఊరికొస్తే సామాను మోసేవాడు. వీళ్ళు కాక కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి. విజయనగర రాజుల కాలం నుంచి ఈ వరసనంతా ఆయగాళ్ళు అనేవాళ్ళు, పన్నెండు మంది అని చెప్పుకునేవాళ్ళు. కరణానికీ మునసబుకూ సర్కారు కొంచెం జీతం ఇచ్చేది. మిగతావాళ్ళ బతుకు కళ్ళంలో తీసే మేర మీద, అక్కడక్కడా ఇనాం కింద ఇచ్చిన మెట్టచేను మీద నడిచేది.

అందరి గురించీ రాయను. కరణాల తెలివి గురించీ మునసబుల దర్పం గురించీ ఇప్పటికే చాలామంది రాశారు. నీరుగంటి గురించి రాసినవాళ్ళు తక్కువ.

తూము ఎలా ఉంటుందో చూడని వాళ్ళ కోసం చెబుతాను. చెరువు లోపల, కట్టకు కాస్త ఎడంగా, రెండు రాతి స్తంభాలు నిలబెట్టి ఉంటాయి. వాటి మధ్య అడ్డబండలు. అడుగున నీళ్ళు పోయే కంత. ఆ కంతకు కొయ్య బిరడా, బిరడాకు నిలువుగా పొడుగాటి గుంజ, గుంజకు వరసగా బెజ్జాలు. గుంజను పైకి లాగి ఏ బెజ్జంలో చీల దూరిస్తే అంత మేరకే నీళ్ళు పోతాయి. ఎన్నో బెజ్జంలో చీల పెడితే కాలవ కొనదాకా నీళ్ళు చేరడానికి ఎంతసేపు పడుతుందో ఆయనకు తెలుసు. కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు. ఒండ్రు పేరుకుని బిరడా కదలకపోతే మొలకు తాడు కట్టుకుని మునిగేవాడు. తాడు రెండో కొస కొడుకు చేతిలో ఉండేది. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఆ లోతుకు మునిగి, చీకట్లో చేత్తో తడిమి, ఒండ్రు తీసి పైకి రావాలి. కట్ట మీద పిల్లలం ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళం. తల బయటికి వచ్చాక ముందు ముక్కు చీదుకుని, తర్వాత మమ్మల్ని చూసి నవ్వేవాడు.

వంతులు పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి. పిల్లలకోడి నడినెత్తికి వచ్చేదాకా ఒకరి మడి, వేగుచుక్క పొడిచేదాకా ఇంకొకరిది. మొదటి తడి తూము దగ్గరి నుంచి కిందికి పారితే, మరుసటి తడి కొన నుంచి పైకి పారాలి. మా మళ్ళు కాలవ కొనన ఉండేవి కాబట్టి ఈ కట్టుబాటు విలువ మా ఇంట్లో అందరికీ తెలుసు. అది లేకపోతే మా వరి పొట్టకొచ్చే వేళకు ఎండిపోయేది. రాత్రి మా అబ్బ లాంతరు పట్టుకుని మడి దగ్గరికి పోయేసరికి నీరుగంటి అప్పటికే గెనిమె మీద కూర్చుని ఉండేవాడు. రైతు నిద్రపోయినా నీళ్ళు మడి తప్పి పోనిచ్చేవాడు కాదు. ఒక మడి నిండి గెనిమె పొర్లబోతోందని చప్పుడును బట్టే చెప్పేవాడు.

ఒక ఏడు తూము దగ్గరి మళ్ళ పెద్దరైతు ఒకాయన వంతు కానప్పుడు రాత్రిపూట కాలవకు గండి కొట్టి నీళ్ళు తిప్పుకున్నాడు. తెల్లారేసరికి నీరుగంటి బిరడా దించేసి వచ్చి చావిడి ముందు వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఊరు ఊరంతా కదిలింది. "నేనెవురి పేరూ చెప్పను. కాలవ ఎమ్మట నడిచి చూసుకోండి" అన్నాడట. పదిమంది నడిచి చూశారు. ఆ రైతు కట్ట గంగమ్మ గుడికి తప్పు కట్టాడు. పోలీసు రాలేదు, కాగితం పుట్టలేదు. మధ్యాహ్నానికి నీళ్ళు మళ్ళీ కాలవలో ఉన్నాయి.

చెరువు సగమే నిండిన ఏళ్ళలో దామాషా వేసేవాళ్ళు. ఉన్న నీళ్ళతో ఎన్ని ఎకరాలు పండుతాయో నీరుగంటి చెప్పాలి. ఆయన కట్ట దిగి, తూము రాళ్ళ మీద నీటి గుర్తు చూసి, వేళ్ళతో లెక్కగట్టి ఒక మాట చెప్పేవాడు. ఆ మాట మీద ఊరంతా కూర్చుని, తూము దగ్గరి మళ్ళనే ఆ ఏటికి అందరికీ పంచేది. అక్కడ మడి ఎవరిదైనా సరే, ఎవరి ఆయకట్టు ఎంతో దానికి తగ్గ పాలు వాళ్ళు అక్కడే నాటుకోవాలి. కొనన మళ్ళున్న మాకూ తూము పక్కన రెండు కయ్యలు వచ్చిన ఏడు నాకు బాగా గుర్తు. సొంత భూమిని ఒక పైరు కాలం పక్కవాడికి వదలడం చిన్న విషయం కాదు. ఇవాళ ఏ చట్టంతో ఆ పని చేయించగలరో నాకు తోచడం లేదు. నీళ్ళు అందరివీ అన్న మాట అక్కడ ఉపన్యాసంలో వినలేదు, మడిలో చూశాను.

కళ్ళంలో వడ్లు తూర్పారబట్టి రాశి పోశాక, కొలత మొదలుపెట్టే ముందే మేర తీసేవాళ్ళు. మా జేజి ఈ విషయంలో ఖండితంగా ఉండేది. "ముందు ఆయప్పది తీయండి, ఆనక కొలుచుకుందురు" అనేది. నీళ్ళు సరిగా అందని ఏడు రైతు మేర తీయడానికి గొణుగుతాడు. అందిన ఏడు ఒక చేట ఎక్కువే వేస్తాడు. పని చేసినవాడికి తన పని ఎలా ఉందో ఏడాదికొకసారి, పనిచేయించుకున్నవాళ్ళ ముఖాల్లోనే తెలిసేది. ఆ పద్ధతిలో నాకు ఇవాళ్టికీ గొప్పగా కనిపించేది అదే. పై అధికారికి నివేదిక పంపి మెప్పించుకునే అవకాశం నీరుగంటికి లేదు. కొనన ఉన్న మడి ఎండితే ఆయన మేర తగ్గుతుంది. అందుకే ఆయన కంటి మీద కునుకు లేకుండా తిరిగాడు.

కానీ ఇదంతా ఎవరి మీద నిలిచిందో చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఆయన మాలపల్లె నుంచి వచ్చేవాడు. ఊరికంతా నీళ్ళు పంచే మనిషికి ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. అరవై ఏళ్ళ ఆయనను పదేళ్ళ పిల్లలు "ఒరే" అని పిలిచేవాళ్ళు, ఆయన ఆ పిల్లలను "అయ్యా" అనేవాడు. దామాషా లెక్క చెప్పేటప్పుడు కూడా ఆయన చావిడి అరుగు ఎక్కలేదు, కింద నిలబడే చెప్పాడు. చెరువు కింద ఆయనకు సెంటు మడి లేదు. అందువల్లే పంపకంలో పక్షపాతం ఉండదని పెద్దలు మెచ్చుకోలుగా చెప్పేవాళ్ళు. ఆ మెచ్చుకోలు ఇప్పుడు తలుచుకుంటే కడుపు రగులుతుంది. మనిషికి భూమి లేకుండా చేసి, లేదు కాబట్టే నమ్మకస్తుడన్నారు.

ఇది మా ఊరి పెద్దలు సొంతంగా కల్పించుకున్న తేడా కూడా కాదు. ఈ సీమను 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఏలిన థామస్ మన్రో ఊరి పాలన ఊరి చేతుల్లోనే ఉండాలని గట్టిగా వాదించాడు. ఆ వాదన ఫలితంగానే 1816లో మద్రాసు ప్రభుత్వం గ్రామ మునసబులకు 10 రూపాయల లోపు దావాలు తీర్చే అధికారం ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన ఇంకో రెగ్యులేషను ఊరి పెద్దకు చిన్నచిన్న నేరాలకు శిక్షవేసే అధికారం ఇస్తూ, కింది కులాలవాళ్ళనైతే 6 గంటల దాకా బొండకొయ్యలో బిగించొచ్చని చెప్పింది. ఊరి చేతికి అధికారం వచ్చిందంటే ఊళ్ళో ఎవరి చేతికి వచ్చిందని అడగాలి. మన్రో ఆ ప్రశ్న అడగలేదు.

1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం తండ్రి ఉద్యోగం కొడుక్కని ఖాయం చేసింది. స్వతంత్రం వచ్చాక కూడా అదే నడిచింది. తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు పదవి విషయంలో గాజుల దశరథరామారావు అనే ఆయన సుప్రీంకోర్టు దాకా పోతే, వంశాన్ని బట్టి ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. తీర్పు వచ్చినా మా వైపు కరణీకం అదే ఇళ్ళల్లో ఇంకా చాలా ఏళ్ళు ఉంది. అడంగల్లో అనుభవదారు పేరు కరణం రాసిందే పేరు. పేదవాడు ముప్పై ఏళ్ళు దున్నిన చేను ఒక్క కలంపోటుతో ఇంకొకరి పేరుకు మారిన కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అందుకే 1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసినప్పుడు మా ఊళ్ళో చాలా ఇళ్ళలో పండగ చేసుకున్నారు. అది తగిన పనేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. మరుసటి ఏడు సుప్రీంకోర్టు కూడా ఆ రద్దును సమర్థించింది.

కరణం లెక్కలు నడిచే ఫసలీ సంవత్సరం జూలైలో మొదలై జూన్‌తో ముగుస్తుంది. ఆ జనవరికి నడుస్తున్నది 1393 ఫసలీ. పైరు కోతకు వచ్చే వేళ, సగం రాసిన అడంగల్‌తో సహా రెండు ట్రంకు పెట్టెల లెక్కలు కరణం ఇంటి నుంచి జీపెక్కి పోయాయి. చూడ్డానికి ఊరంతా వచ్చింది. నీరుగంటి కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు.

ఆయన ఉద్యోగం పోలేదు. గ్రామ సేవకులను ఆ రద్దు తాకలేదు. కానీ మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఆయనను మండల కార్యాలయానికి పిలవడం మొదలైంది. నోటీసులు పంచాలి, మీటింగులకు కుర్చీలు వేయాలి, రాత్రి కాపలా పడుకోవాలి. నెలకు ఇంతని చేతికి డబ్బు వచ్చింది. ఆ డబ్బు ఆయనకు మేలే, మేర కోసం చేట పట్టుకుని నిలబడే అవమానం తప్పింది. చెరువుకు మాత్రం మనిషి లేకుండా పోయాడు. కరణాన్ని తీసేసినప్పుడు ఆ లెక్కలు ఎవరు రాయాలన్న ఆలోచన ప్రభుత్వం చేసింది. తూము ఎవరు ఎత్తాలన్న ఆలోచన ఎవరూ చేయలేదు, ఎందుకంటే ఆ పని ఏ కాగితంలోనూ లేదు.

అదే కాలంలో బోర్లు వచ్చాయి. నిజం చెప్పాలంటే చెరువు వ్యవస్థను చావుదెబ్బ కొట్టింది ఆర్డినెన్సు కాదు, బోరే. డబ్బున్నవాడు చెరువు కిందే బోరు వేసుకున్నాడు. వాడికిక వంతు అక్కర్లేదు, దామాషా అక్కర్లేదు, కాలవ పూడిక తీయడానికి పారతో రావాల్సిన అవసరమూ లేదు. పెద్దరైతులు ఒక్కొక్కరే తప్పుకుంటే, మిగిలిన చిన్న రైతుల మాట మీద ఊరు కూర్చోవడం మానేసింది.

మా ఊరికి కొన్ని మైళ్ళ దూరంలోనే పోరుమామిళ్ళ చెరువుంది. బుక్కరాయలి కొడుకు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం అక్కడుంది. 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలతో పాటు, ఉండకూడని 6 దోషాలను కూడా ఆ శాసనం చెప్పింది. నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఇంకో దోషం. ఆరు వందల ఏళ్ళ కిందటి మనిషి ఆ రెండో మాట రాశాడంటే, ఒక చెరువుకు ఇద్దరు యజమానులుంటే ఏమవుతుందో ఆయనకు అనుభవమే అయి ఉండాలి.

ఇప్పుడు మా చెరువుకు ఎంతమంది యజమానులో చూడండి. నూరెకరాల లోపు ఆయకట్టున్న చెరువులు పంచాయతీరాజ్ కిందికి, అంతకు మించినవి నీటిపారుదల శాఖ కిందికి పోయాయి. చెరువు లోపలి భూమి రెవెన్యూది. చేపల వేలం ఇంకొకరిది. కట్ట మీది చెట్లు మరొకరివి. 1959 అక్టోబరు 11న నెహ్రూ షాద్‌నగర్‌కు వచ్చి మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించినప్పుడు ఊరికి అధికారం వచ్చిందన్నారు. వీధి దీపాలు, తాగే నీళ్ళు, మురుగు కాలవలు నిజంగానే వచ్చాయి. మాలపల్లెకు మొదటి కుళాయి వేసింది పంచాయతీయే. పాత ఊరు వందల ఏళ్ళలో చేయని పని అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడితే నా నోరు పడిపోతుంది. చెరువు మాత్రం అందరిదీ అయి, ఎవరి పనీ కాకుండా పోయింది.

పూర్వం మరమ్మతులకు దశబంధం ఇనాములుండేవి. చెరువు తవ్వించి, బాగు చూసుకునే వాళ్ళకు భూమి ఇచ్చేవాళ్ళు. రైతులు ఏటా తలా ఇన్ని రోజులు వచ్చి కాలవలు పూడిక తీయడం కుడిమరామత్తు. ఆ అలవాటు సడలుతోందని 1858లో మద్రాసు ప్రభుత్వం దానికోసం నిర్బంధ శ్రమ చట్టం కూడా చేసింది. 1956 ఇనాముల రద్దు చట్టంతో ఇనాం భూములు రైతువారీ పట్టాలయ్యాయి. భూమి నిలిచింది, దానికి ముడిపడిన పని జారిపోయింది. 1997లో రైతుల యాజమాన్య చట్టం వచ్చి నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. మా సంఘం మొదటి రెండేళ్ళు కాలవ బాగు చేసింది, తర్వాత పనుల కాంట్రాక్టుల దగ్గర ఆగిపోయింది. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలొచ్చాయి. సర్వేయరున్నాడు, ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉన్నాడు, వ్యవసాయ అసిస్టెంట్ ఉన్నాడు. కాగితం కోసం మండలానికి తిరిగే బాధ తప్పింది. తూము ఎత్తే మనిషి అందులో లేడు.

2021 నవంబరు వానలు సీమలో ఎవరూ మరిచిపోరు. 19న రాజంపేట వైపు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు తెగి ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి. తిరుపతి దగ్గర రాయల చెరువు కట్ట ఊటలు పెడుతోందని కింది పల్లెల జనాన్ని ఖాళీ చేయించారు. మా చెరువు కూడా ఎన్నో ఏళ్ళ తర్వాత నిండి పొర్లడానికి వచ్చింది. మరవ మీద సర్కారు కంప అడవిలా పెరిగి నీళ్ళు పోయే దారి మూసుకుపోయింది. తూము బిరడా తుప్పు పట్టిన ఇనుప చట్రంలో ఇరుక్కుంది. ఎవరికి ఫోన్ చేయాలో తెలియక సర్పంచు నాలుగు ఆఫీసులకు చేశాడు. చివరికి నీరుగంటి కొడుకును పిలిచారు. ఒకప్పుడు తాడు కొస పట్టుకుని కట్ట మీద నిలబడిన ఆ పిల్లాడికి ఇప్పుడు అరవై దాటాయి. కువైట్‌లో ఇరవై ఏళ్ళు కష్టపడి వచ్చి, చెరువు కింద రెండెకరాలు కొన్నాడు.

వచ్చాడు. మరవలో ఏ రాయి దగ్గర కంప ముందు కొట్టాలో చూపించాడు. జేసీబీ వాడు కట్ట మీదికి ఎక్కబోతే ఆపి, చుట్టు తిప్పించి కింది నుంచి తెప్పించాడు. రాత్రి రెండింటికి మరవ పారింది.

మరుసటి రోజు పంచాయతీ ఆఫీసులో సర్పంచు ఆయనకు కుర్చీ వేసి, "అన్నా, నాయన చేసిన పని నువ్వు చూసుకో, ఊరు నిన్ను మరిచిపోదు" అన్నాడు.

"నాయన పని నేను చెయ్యను" అన్నాడాయన. "రాత్రి వచ్చింది నా మడి కూడా కింద ఉంది కాబట్టి. మీకు మనిషి కావాలంటే తీర్మానం రాయండి. ఎకరాకు ఇంతని ఆయకట్టోళ్ళందరూ కట్టాల, బోరున్నోడూ కట్టాల, బోరులో నీళ్ళు చెరువువే కదా. జీతం నెలనెలా పంచాయతీలో ఇయ్యాల. ఆ మనిషి ఏ కులమోడైనా సరే. కుర్చీలో కూచుని లెక్క చెప్పాల. అట్ల రాస్తే ఒక ఏడు నేను దగ్గరుండి నేర్పిస్తా."

ఊరికి పోయినప్పుడల్లా ఆ తీర్మానం సంగతి అడుగుతున్నాను. బోరున్నవాళ్ళు ఎకరా లెక్కకు ఒప్పుకోవడం లేదు, సగమైనా తగ్గించమంటున్నారు. ఆయన తగ్గించనంటున్నాడు. ఆయన పక్షాన మాట్లాడటానికి మా కొన మళ్ళ రైతులం పదకొండు ఇళ్ళవాళ్ళం ఇప్పటికే సంతకాలు పెట్టి ఇచ్చాం.